నాలుగేళ్ళ సీనియర్ అసిస్టెంట్

సోమవారం ఉదయం పదీ నలభైకి దుంపల అప్పలస్వామి నాలుగేళ్ళ పిల్లవాడయ్యాడు. అంతకు ముందు నిమిషం వరకూ అతని వయసు అరవై ఏళ్ళ ఎనిమిది నెలలు.

ఉత్తర్వు ఒక్క పేజీయే. పైన 'శిశు డిజిటల్ వినోద పర్యవేక్షణ సంచాలనాలయం, విజయవాడ' అని అచ్చు. కింద డైరెక్టర్ ప్రభంజనరావు సంతకం. మధ్యలో ఇంత సంగతి: 'వీడియో ఆటల పరీక్ష నిమిత్తం, సీనియర్ అసిస్టెంట్ శ్రీ డి. అప్పలస్వామిని ఈ తేదీ నుండి నాలుగు సంవత్సరముల వయసు గల శిశువుగా అన్ని విషయములలోనూ పరిగణించవలెను.'

అప్పలస్వామి రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివాడు. టేబులు మీద బదిలీ దరఖాస్తు సగం నింపి ఉంది. శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా అది పోర్టల్లో ఎక్కాలి. శ్రీకాకుళం జిల్లా ఆఫీసులో ఆరేళ్ళ తర్వాత ఒక ఖాళీ వచ్చింది. రిటైర్మెంటుకి ఇంకా పదహారు నెలలుంది. మళ్ళీ ఖాళీ వచ్చేసరికి అతనుండడు. టెక్కలిలో అతని భార్య నీలవేణి బడిమెట్ల మీద జారిపడి, ఎడమ మణికట్టు విరిగి, కట్టుతో ఒంటిచేత్తో అన్నం వార్చుకుంటోంది. పట్టుకోవడానికి ఇంట్లో ఇంకో చెయ్యి లేదు.

అందుకని ఉత్తర్వు పట్టుకుని సూపరింటెండెంట్ మస్తాన్‌వలి దగ్గరికి వెళ్ళాడు.

"ఏంటి వలీ ఇది?"

"ఏందన్నా ఇంకా నిలబడే ఉన్నావు? నీకు చిన్న కుర్చీ వేయించమని ఆర్డరు. ప్లాస్టిక్‌ది. ఏనుగు బొమ్మది," అన్నాడు మస్తాన్‌వలి.

సంగతి ఎనిమిది నెలల కిందట మొదలైంది. ఆరేళ్ళలోపు పిల్లలు సంచాలనాలయం ఆమోదించిన వీడియో ఆటలు తప్ప మరొకటి ఆడకూడదని ప్రభుత్వం నియమావళి తెచ్చింది. ఆమోదం కోసం మూడు వందల పన్నెండు ఆటలు వచ్చి పడ్డాయి. నియమం నాలుగు ప్రకారం, ప్రతి ఆటనీ ఆరేళ్ళలోపు శిశువు చేత ఆడించి పరీక్షించాలి. నియమం తొమ్మిది ప్రకారం, ఆమోదం పొందని ఏ ఆటనీ ఆరేళ్ళలోపు శిశువుకి చూపించరాదు.

ఈ రెండు నియమాల మధ్య కమిటీ ఎనిమిది నెలలు కూర్చుంది. ఇరవై మూడు సమావేశాలు జరిగాయి. ప్రతి సమావేశంలోనూ జీడిపప్పు పకోడీ ఆమోదం పొందింది, ఆట పొందలేదు. ఈలోగా మంత్రిగారు శనివారం నాడు 'మొట్టమొదటి ఆమోదిత ఆట' విడుదల చేస్తానని ఎక్కడో సభలో అనేశారు.

ఇరవై నాలుగో సమావేశంలో న్యాయాధికారి విశ్వేశ్వరుడు లేచి గొంతు సవరించుకున్నాడు.

"శిశువు అనగా శిశువే కానక్కరలేదండి. శిశువుగా పరిగణించబడిన వ్యక్తి చాలు. గుళ్ళో దేవుడిని మన న్యాయస్థానాలు మైనరుగా పరిగణిస్తున్నాయి. వేల ఏళ్ళ దేవుడికే అభ్యంతరం లేనప్పుడు సీనియర్ అసిస్టెంటుకి ఎందుకుంటుంది?"

ప్రభంజనరావు కళ్ళు మెరిశాయి. "పెద్దవాడు గనక నియమం తొమ్మిది అతిక్రమణ కాదు. శిశువుగా పరిగణిస్తాం గనక నియమం నాలుగు పాటించినట్టే. అద్భుతమైన సమన్వయం. మరి ఆ శిశువుకి అర్హతలు?"

"పూర్వం ఏ వీడియో ఆటా ఆడి ఉండకూడదు. కల్మషం లేని మనసు కావాలి," అంది మనస్తత్వ నిపుణురాలు డాక్టర్ హైమవతి.

ఆఫీసంతా వెతికారు. నూట పద్నాలుగు మందిలో నూట పదమూడు మంది ఫోన్లలో రమ్మీయో, పండ్లు పగలగొట్టే ఆటో ఉంది. న్యాయాధికారి ఫోను ఆ వెతుకుతున్న సమయంలోనే 'మీ వంతు' అని మోగింది. ఒక్క అప్పలస్వామి దగ్గరే బటన్ల ఫోనుంది.

అలా కల్మషం లేని మనసు దొరికింది.

*

పరీక్ష గది గోడలకి చిలకలూ మబ్బులూ అంటించారు. ఏనుగు కుర్చీలో డెబ్భై ఎనిమిది కిలోల అప్పలస్వామి మోకాళ్ళు గడ్డం దాకా వచ్చేలా కూర్చున్నాడు. ఎదురుగా డాక్టర్ హైమవతి, చేతిలో ఫారం ఏడు. అందులో ముప్పై ఒక్క గళ్ళున్నాయి.

"పాపాయీ, ఆడుకుందామా?" అంది ఆమె.

"మేడమ్, నాకు మీకంటే ఇరవై ఏళ్ళు ఎక్కువండి."

"శిశువు పరీక్షకురాలితో వాదించెను," అని ఆమె మూడో గడిలో రాసుకుంది.

మొదటి ఆటలో బెలూన్లు పగలగొట్టాలి. అప్పలస్వామి పది నిమిషాలు పగలగొట్టాడు. ఆమె ట్యాబ్ లాగేసుకుంది.

"ఏడుపొస్తోందా?"

"లేదండి."

"కొంచెం కూడా?"

"మెడ నొప్పిగా ఉందండి."

ఆమె విచారంగా రాసింది. ఆట ఆపితే ఏడవలేదు గనక, ఆట శిశువును ఆకట్టుకోలేదు. తిరస్కరించడమైనది.

"మరి ఏడిస్తేనండి?" అని అడిగాడు.

"ఏడిస్తే వ్యసనం. అదీ తిరస్కారమే."

"మరి ఆమోదం ఎలా వస్తుందండి?"

"అది కమిటీ చూసుకుంటుంది. నువ్వు ఆడుకో నాన్నా."

కమిటీ చూసుకుంది. బాతుపిల్లలు రోడ్డు దాటే ఆటని రవాణా శాఖ అభిప్రాయం కోసం పంపారు. దిమ్మెలు పేర్చి ఇల్లు కట్టే ఆటలో మూడో అంతస్తుకి ప్లాన్ అనుమతి లేదని న్యాయాధికారి పట్టుకున్నాడు. రంగులు జతచేసే ఆట దగ్గర మాత్రం అందరూ కలాలు కింద పెట్టేశారు. పసుపు ఒక పార్టీది. నీలం ఇంకొకరిది. ఎరుపు, ఆకుపచ్చ, కాషాయం, గులాబీ, అన్నిటికీ ఎవరో ఒకరు ఉన్నారు. పంచాయతీ ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. చివరికి ప్రభంజనరావు తీర్పు చెప్పాడు.

"ఆటలోని రంగులన్నిటినీ బూడిద రంగుకి మార్చి సమర్పించవలసిందిగా ఉత్పత్తిదారుని కోరడమైనది."

మంగళవారం సాయంత్రానికి బూడిద రంగు ఆట వచ్చింది. అప్పలస్వామి బూడిద చుక్కని బూడిద డబ్బాలో వేశాడు. ఏ చుక్క ఏ డబ్బాలో వేసినా ట్యాబ్ 'శభాష్' అంది. ఏడుపు రాలేదు. తిరస్కరించడమైనది.

*

నింపి ఇచ్చిన బదిలీ దరఖాస్తు బుధవారం తిరిగొచ్చింది. దాని మీద ఎర్ర సిరాతో: 'దరఖాస్తుదారు మైనరు. సంతకం చెల్లదు. సంరక్షకుని ద్వారా సమర్పించవలెను.'

"సంరక్షకుడెవరు వలీ?" అన్నాడు అప్పలస్వామి.

"డైరెక్టరు గారు. పదవి రీత్యా." మస్తాన్‌వలి గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. హాజరు పట్టీలోంచి నీ పేరు తీసేశారు. పిల్లల చేత పని చేయించడం నేరం గదా. సెలవు కూడా పెట్టలేవు. ఉద్యోగం చేయనోడికి సెలవేంది?"

"మరి నేనెవరిని?"

"శిశువువి. స్టాకు రిజిస్టర్లో ఎక్కించాం. ఏనుగు కుర్చీ కింద లైన్లో."

అప్పలస్వామి నేరుగా డైరెక్టరు గదిలోకి నడిచాడు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో పిలవకుండా ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదటిసారి.

"సార్, ఈ ఒక్క సంతకం పెట్టండి. నా భార్య చెయ్యి విరిగి ఉంది."

ప్రభంజనరావు దరఖాస్తు చూశాడు, తర్వాత అతన్ని జాలిగా చూశాడు.

"టెక్కలి ఇక్కడికి ఎంత దూరం?"

"ఐదొందల కిలోమీటర్లుంటుందండి."

"నాలుగేళ్ళ బిడ్డని ఐదొందల కిలోమీటర్లు పంపమంటావా? రేపు ఎవరైనా అడిగితే నేనేం జవాబు చెప్పను? శిశు శ్రేయస్సే ఈ సంచాలనాలయానికి పరమావధి."

"సార్, నేను శిశువుని కాను."

"అలా అంటే ఇప్పటిదాకా చేసిన పరీక్షలన్నీ చెల్లవు. చెల్లని పరీక్షలకి నువ్వే బాధ్యుడివవుతావు. ఆలోచించుకో." ఆయన సొరుగులోంచి ఒక చాక్లెట్ తీసి టేబులు మీద పెట్టాడు. "ఆరేళ్ళు నిండగానే ఉత్తర్వు తనంతట తానే రద్దవుతుంది. రెండేళ్ళేగా. అప్పుడు దర్జాగా దరఖాస్తు పెట్టుకో."

"సార్, పదహారు నెలల్లో నా రిటైర్మెంటు."

ప్రభంజనరావు వేళ్ళ మీద లెక్క వేశాడు. "అంటే ఐదేళ్ళ నాలుగు నెలలకి రిటైరవుతావు. బహుశా దేశంలోనే రికార్డు," అని, ఆ సంగతి పత్రికా ప్రకటనలో చేర్చమని కాగితం మీద రాసుకున్నాడు.

మధ్యాహ్నం అప్పలస్వామి వరండాలో నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. నీలవేణి ఒకటో తరగతి పంతులమ్మ. వెనకాల పిల్లల గోల వినిపిస్తోంది.

"పెట్టీసినారా దరఖాస్తు?"

"లేదు. నన్ను చిన్నపిల్లాణ్ణి చేసేశారు." జరిగిందంతా చెప్పాడు.

ఆమె వెనకాల పిల్లల్ని ఒకసారి అదిలించింది. తర్వాత అంది. "నా బళ్ళో ఇరవై ఆరుగురున్నారు. ఏ పిల్లకి ఏ ఆట మంచిదో పక్కన కూకుని ఆడితే పావుగంటలో తెలిసిపోద్ది. పిల్ల అరుస్తాదో, నవ్వుతాదో, అయిపోనాక దానంతటది లేచొస్తాదో. ఎనిమిది నెలలయినాది కదా, మీ కమిటీలో ఎవులైనా ఒక్క పిల్ల పక్కన కూకున్నారా?"

"నిబంధనలు ఒప్పుకోవు."

"మరి ఈ నిబంధనల్లో మీరొచ్చీ దారేటీ నేదా?"

అప్పలస్వామి ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పోన్లెండి. మీకు నాలుగేళ్ళే కదా. పెద్దయినాకే రండి," అని పెట్టేసింది.

*

ఆ సాయంత్రం మస్తాన్‌వలి బీరువాలోంచి ఒక పుస్తకం తీసి దుమ్ము దులిపాడు. 'శిశు పరీక్షా మార్గదర్శకాలు'. సంచాలనాలయమే అచ్చు వేయించింది. వెయ్యి ప్రతులు. అట్ట విప్పింది ఇదే మొదటిసారి.

"పేరా పదకొండు చూడన్నా. వదిన అడిగిన దారి ఇదేనేమో."

అప్పలస్వామి చదివాడు. 'పరీక్షా సమయములో శిశువు ఇంటికి పోవుదునని ఏడ్చిన యెడల, పరీక్షను తక్షణమే నిలిపి, ఇరవై నాలుగు గంటలలోగా శిశువును కుటుంబ సభ్యులకు అప్పగించి రసీదు పొందవలెను. ఈ విషయమున ఎవరికినీ విచక్షణాధికారము లేదు.'

"ఏడవాలంతేనా?"

"అంతే. కానీ హైమవతి మేడమ్ కన్నీళ్ళు చూస్తేనే రాస్తుంది. దొంగ ఏడుపుకి వేరే గడి ఉంది."

రాత్రంతా అద్దం ముందు ప్రయత్నించినా అప్పలస్వామికి చుక్క కన్నీరు రాలేదు. ముప్పై నాలుగేళ్ళ గవర్నమెంటు ఉద్యోగం అతని దగ్గర ఆ సరుకు మిగల్చలేదు.

గురువారం పదకొండింటికి కమిటీ మొత్తం పరీక్ష గదికి వచ్చింది. శనివారం మంత్రిగారికి ఇవ్వడానికి ఒక్క ఆటైనా కావాలి. గుట్టలోంచి ఒకటి ఏరి తెచ్చారు. దాని పేరు 'చెవులపిల్లి ఇంటిదారి'. ఒక చెవులపిల్లి కూన పొలంలో దారి తప్పింది. వేలితో మెల్లగా దారి చూపిస్తే నడుస్తుంది. పాయింట్లు లేవు, గడియారం లేదు, ప్రకటనలు లేవు. తప్పు దారిలో పెడితే ఆగి వెనక్కి చూస్తుంది, అంతే.

"ప్రమాదకరమైనదేదీ కనపడటం లేదే," అన్నాడు విశ్వేశ్వరుడు నిరాశగా.

అప్పలస్వామి వేలు పెట్టాడు. ఏడవాలన్న పన్నాగం మనసులో ఉంది. కాని ఐదు నిమిషాలయ్యేసరికి దాన్ని మరిచిపోయాడు. కూన కాలవ దాటింది. పచ్చిమిరప చేను దాటింది. ఎదర ఒక పెంకుటిల్లు వచ్చింది, తలుపు మూసి ఉంది. కూన తలుపు తట్టింది. తలుపు తెరుచుకుంది. తల్లి చెవులపిల్లి తల ఎత్తి చూసింది. పక్కకి జరిగి చోటిచ్చింది. దీపం చిన్నదైంది. ఆట అయిపోయింది.

అప్పలస్వామి ట్యాబ్ ని జాగ్రత్తగా తనే డాక్టర్ చేతికిచ్చాడు. అప్పుడు అతని గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. ముందు దగ్గనుకున్నారు. ఏనుగు కుర్చీలోనే ముందుకి వంగి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని, అతను ఏడ్చాడు. ఆరేళ్ళ మెస్సు భోజనం, ఆరు దరఖాస్తులు, ఒంటిచేత్తో గంజి వార్చే నీలవేణి, అన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి.

"ఇంటికెళ్తా," అన్నాడు. "నేను ఇంటికెళ్తా."

డాక్టర్ హైమవతి కలం ఆగింది. ఆమె వంగి అతని చెంప చూసింది. తడి నిజమే.

"పేరా పదకొండు సార్," అన్నాడు గుమ్మంలోంచి మస్తాన్‌వలి, పుస్తకం తెరిచి పట్టుకుని.

ప్రభంజనరావు చదివాడు. న్యాయాధికారి వైపు చూశాడు. విశ్వేశ్వరుడు పెదవి విరిచాడు. "విచక్షణాధికారం లేదని మనమే రాసుకున్నామండి. రేపు పదకొండింటికల్లా అప్పగించకపోతే అది శిశువును నిర్బంధించడమవుతుంది."

"మరి ఈ ఆట?"

"అసలు ప్రమాదం ఇందులోనే ఉందండి," అంది డాక్టర్ హైమవతి. "ఇన్ని ఆటలకి ఏడవని శిశువు దీనికి ఏడ్చాడు. ఇది పిల్లల్లో ఇంటి మీద బెంగ పుట్టిస్తోంది."

అప్పలస్వామి తల ఎత్తి కళ్ళు తుడుచుకున్నాడు. "మేడమ్, నేనేడ్చింది ఆట వల్ల కాదండి. ఆట చాలా మంచిది. నేనాడిన వాటన్నిటిలోకీ అదొక్కటే మంచిది. దాన్ని ఆపకండి."

ఆమె ఫారం ఏడుని పైనుంచి కింది దాకా వెతికింది. "శిశువు అభిప్రాయం రాయడానికి గడి లేదు నాన్నా," అంది.

'చెవులపిల్లి ఇంటిదారి'ని రాష్ట్రవ్యాప్తంగా నిషేధించడమైనది. తిరస్కారం రద్దు చేసి, శనివారం మంత్రిగారి చేతికి బూడిద రంగు ఆటనే ఇవ్వాలని, ఎవరికీ ఏ అభ్యంతరమూ లేని ఆట అదొక్కటేనని, ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.

*

అప్పగింత బాధ్యత మస్తాన్‌వలి మీద పడింది. శుక్రవారం పదకొండింటికి గడువు తీరుతుంది గనక గురువారం సాయంత్రం రైలే ఎక్కారు. ఒక్కటే టికెట్. నాలుగేళ్ళవాడికి టికెట్ ఎందుకని కార్యాలయం కొట్టేసింది.

రాజమండ్రి రాకముందే టీటీఈ వచ్చాడు. మస్తాన్‌వలి ఉత్తర్వు చూపించాడు. టీటీఈ దాన్ని చదివి, అప్పలస్వామి బట్టతల చూసి, మళ్ళీ చదివాడు.

"ఐదేళ్ళలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు నిజమే. కానీ సీటూ ఉండదు. ఒళ్ళో కూచోబెట్టుకోండి."

మస్తాన్‌వలి బరువు యాభై రెండు కిలోలు. అతను అప్పలస్వామి వైపు, అప్పలస్వామి అతని వైపు చూసుకున్నారు.

"బాబూ, పెద్ద టికెట్టే రాయి. జరిమానా ఎంతో అదీ రాయి," అన్నాడు అప్పలస్వామి. డబ్బు కడుతుంటే అతని ముఖంలో నాలుగు రోజుల తర్వాత వెలుగు వచ్చింది. రైలువాళ్ళ లెక్కలో అతను ఇంకా పెద్దవాడే.

ఎదురు సీట్లో ఐదేళ్ళ పాప ఒకతి వాళ్ళమ్మ ఫోన్ తీసుకుని ఏదో ఆడుతోంది. ఎవరెవరినో కాల్చేస్తోంది, మధ్యమధ్య పేకముక్కల ప్రకటనలు వస్తున్నాయి. ఏ కమిటీనీ ఎవరూ అడగలేదు. అప్పలస్వామి కాసేపు చూశాడు. లేచి పాప పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఇందులో చెవులపిల్లి ఆట ఒకటి వస్తుందేమో చూడు," అన్నాడు ఆ తల్లితో.

ఆమె వెతికి పెట్టింది. నిషేధం ఇంకా రైలు దాకా రాలేదు. పాపా, అతనూ కలిసి కూనని కాలవ దాటించారు. మిరప చేలో ఒకసారి పాప కావాలనే తప్పు దారి పట్టించి కిలకిలా నవ్వింది. తలుపు తెరుచుకుని దీపం చిన్నదయ్యాక ఫోను తల్లికిచ్చేసి, "పల్లీలు కొనవా," అని అడిగింది.

"ఏడవలేదు చూశావా వలీ," అన్నాడు అప్పలస్వామి.

మస్తాన్‌వలి కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇదెక్కడా అనమాక అన్నా. ఆమోదం లేని ఆట శిశువుకి చూపించాం. నియమం తొమ్మిది. ఇద్దరం పోతాం."

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి నీలవేణి తలుపు తీసింది. ఎడమచేతికి కట్టు, జడ సగంలో ఆగిపోయి ఉంది. అప్పలస్వామి నేరుగా లోపలికి వెళ్ళి, స్టవ్ మీద పొంగుతున్న పాలు దించాడు.

మస్తాన్‌వలి గుమ్మంలోనే నిలబడి రసీదు తీశాడు.

"ఇక్కడ సంతకం పెట్టాలి వదినా. శిశువు అందినట్టు."

"ఎంతకాలానికి ఇస్తన్నారు?"

"ఆరేళ్ళు నిండేదాకా కుటుంబ సంరక్షణలో ఉంచాలని ఉత్తర్వు. నిండగానే డ్యూటీలో చేరాలి."

"ఈలోగానే రిటైరైపోతారు కదా."

"అది ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ చూసుకుంటుంది వదినా. మా సెక్షన్ కాదు."

నీలవేణి కలం తీసుకుని సంతకం పెట్టింది. దాని కింద ఇంకో గడి ఖాళీగా ఉంది: 'అందుకున్నప్పుడు శిశువు యొక్క స్థితి.' ఆమె లోపలికి తొంగిచూసింది. అప్పలస్వామి మసిగుడ్డతో గిన్నె పట్టుకుని, అరవై ఏళ్ళ నడుం మీద చెయ్యి వేసుకుని, టీపొడి డబ్బా కోసం వెతుక్కుంటున్నాడు.

ఆమె పంతులమ్మ దస్తూరీతో గుండ్రంగా రాసింది: 'బాగా వాడేసి ఇచ్చారు.'